సీమబండి లీవరు

మా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో పెదనాన్న బండి స్టార్టవ్వాలంటే ముందు నా చెయ్యి పడాల్సిందే... ఆయన కాలు ఆ తర్వాతే.

అది సీమబండి. ఇంగ్లండులో తయారై, ఎవరెవరి చేతులో మారి, చివరికి బెజవాడలో పెదనాన్నకు దొరికింది. నల్ల టాంకు, దాని మీద సన్నటి బంగారు గీతలు... "ముందు దానికి స్నానం చేయించి, తర్వాత పెళ్ళాం మొహం చూస్తారు" అని పెద్దమ్మ దెప్పుతూ ఉండేది. పెదనాన్న పశువుల డాక్టరు. ఇటు ముక్త్యాల, అటు వీరులపాడు... ఏ ఊళ్లో గేదె ఈనలేక అవస్థ పడుతున్నా ఆ బండే పరుగెత్తాలి.

ఎడమ హ్యాండిల్ మీద వేలెడంత లీవరు ఉండేది. కిక్కు కొట్టేముందు దాన్ని వెనక్కి లాగి పెట్టాలి. లేదంటే ఇంజను ఎదురు తంతుందట. ఆ లీవరు లాగడం నా ఉద్యోగం. బడికి ఆలస్యమైనా సరే, మునివేళ్ల మీద నిలబడి ఆ పని చేసే వెళ్లేదాన్ని.

"లాగావా, అమ్మడూ?"

"లాగేశా, పెదనాన్నా!"

"ఊ..." అని ఒక్క తన్ను తన్నేవారు. డబ్... డబ్... డబ్... వీధి చివరిదాకా వినపడేది. నేను నిజంగా లాగానో లేదో ఆయన ఏనాడూ తల తిప్పి చూసుకోలేదు. నా మాట మీద అంత నమ్మకం.

ఆ రోజు నందిగామ బయల్దేరారు. నన్నూ తీసుకెళ్తానని ముందురోజే మాటిచ్చారు. నేను కొత్త గౌను వేసుకుని, రెండు జడలకీ రిబ్బన్లు కట్టించుకుని గుమ్మంలో కూర్చున్నాను. తీరా బయటికొచ్చి, "ఎండ ముదిరిందమ్మా, ఇంకోసారి తీసుకెళ్తాలే" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మూతి ముడుచుకునే వెళ్లి లీవరు దగ్గర నిలబడ్డాను.

"లాగావా, అమ్మడూ?"

"లాగేశా."

లాగలేదు... చెయ్యి కూడా వెయ్యలేదు. బండి స్టార్టవ్వదు, ఈయన ప్రయాణం కూడా ఆగిపోతుంది అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఎదురు తన్నడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు.

"ఊ..." అన్నారు.

కిక్కు రాడ్డు ఎదురు తన్ని, ఆయన కాలి ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఇవాళ్టికీ ఎవరైనా ఎండుపుల్ల విరిస్తే చెవులు మూసుకుంటాను.

పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి ముందు నన్నే అడిగింది. "ఏమే, లీవరు లాగలేదా?"

కింద పడి ఉన్న పెదనాన్న లీవరు వంక చూశారు... తర్వాత నా వంక చూశారు. "దాన్నేం అనకు. అది లాగేలోపే నేను తన్నేశా. తొందర నాదే" అన్నారు.

కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ బండికి కిక్కూ, గేరూ రెండూ కుడికాలికే. ఇక దాన్ని నడపలేదు. కొన్నాళ్లు ఊళ్లవాళ్లే వచ్చి సైకిళ్ల మీద ఎక్కించుకెళ్లారు... తర్వాత తర్వాత వాళ్లూ రావడం మానేశారు. బండిని కొట్టంలో పెట్టి తాళం వేశారు.

నిజం చెప్పేద్దామని ఆయన మంచం దాకా ఎన్నిసార్లు వెళ్లానో... వెళ్లి "మంచినీళ్లు కావాలా పెదనాన్నా" అని అడిగి వచ్చేసేదాన్ని. ఆయన పోయారు. అప్పటికీ చెప్పలేదు. కానీ ఆయన ప్రశ్న మాత్రం పోలేదు. ఎవరు స్కూటరు కిక్కు కొట్టబోయినా, కాలు కిందికి దిగేముందు ఆ ఒక్క క్షణంలో... "లాగావా, అమ్మడూ?" అని నా వెనకే వినపడుతుంది. పెళ్లయింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు... ఇప్పటికీ వినపడుతూనే ఉంది.

నిరుడు పెద్దమ్మ కొట్టం తాళంచెవి నా చేతిలో పెట్టింది. "ఎంతమంది వచ్చి అడిగినా అమ్మలేదే ఆయన. లీవరు లాగే మనిషి మా ఇంట్లోనే ఉంది, ఈ బండి దానిదే అనేవారు" అంది. ఆ కొట్టంలో దుమ్ములోనే కూర్చుని ఏడ్చాను.

నందిగామలో మస్తాన్ గారని పాత బండ్ల మెకానిక్ ఉంటే ఆయనకు అప్పజెప్పాను. సీట్లో ఎలుకల గూడు, కార్బురేటర్ నిండా మట్టి... కొన్ని సామాన్లు ఇంగ్లండు నుంచి తెప్పించాం. బంగారు గీతలు షాపుల బోర్డులు రాసే ఆయన చేత గీయించాం. ఏడాది పట్టింది. అంతా అయ్యాక మస్తాన్ గారు, "ఈ లీవర్ పీకేద్దామమ్మా. ఆటోమేటిక్‌ది బిగిస్తే ఇక లాగే పనే ఉండదు. ఇది ఉంటే రిస్కండీ" అన్నారు.

"ఏదైనా మార్చండి గానీ దాన్ని ముట్టుకోవద్దండీ" అన్నాను. నా మొహం చూసి ఆయన పానా కింద పెట్టేశారు.

మొదటి కిక్కు నేనే కొడతానన్నాను. షెడ్డులో అందరూ చేతిలో పని ఆపేశారు. కాలు పెట్టాను... వినపడింది.

లీవరు చివరిదాకా లాగాను. లాగింది మళ్లీ కళ్లతో చూసుకున్నాను. "లాగేశా, పెదనాన్నా... ఈసారి నిజంగానే లాగేశా" అన్నాను.

"నన్నాండీ?" అన్నారు మస్తాన్ గారు.

ఆ "ఊ..." కోసం ఆగాను. రాలేదు. ఇక చేసేదేముంది... తన్నాను. డబ్... డబ్... డబ్...

ఇప్పుడు ఆదివారాలు నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా నేనే నడుపుతున్నాను. గేరనుకుని బ్రేకు తొక్కుతూ, సిమెంటు లారీల చేత హారన్లు కొట్టించుకుంటూ... బయల్దేరే ప్రతిసారీ ఆయన అడుగుతారు, నేను చెప్తాను, ఆ "ఊ" మాత్రం రాదు. మా పిల్లల బండ్లకు బటన్ నొక్కితే చాలు. బయల్దేరేముందు ఒకరినొకరు అడగాల్సిన పనే లేదు. మీ ఇళ్లలో కూడా ఇలా మీ మాట మీదే కదిలిన బండి ఏదైనా ఉంటే, కింద రాయండి... చదువుకుంటాను.

ఇది ఇక్కడ పెట్టేముందు పెద్దమ్మ పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఆవిడ నా చేతిని తన ఒళ్లోకి లాక్కుని, అచ్చం పెదనాన్నలాగే... "ఊ" అంది.