అక్క ఇచ్చిన ఇంటర్వ్యూ

కరెంటు ఫిర్యాదులు వినే ఆఫీసులో ఏళ్ల తరబడి ఫోనెత్తిన మనిషి ఆమె. అవతలివాళ్లు తిట్టినా ఏడ్చినా గొంతు మారకూడదన్నది అక్కడి మొదటి పాఠం. అది ఆమెకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో పాలు పొంగిపోయాయని చెప్పినా ఫిర్యాదు నమోదు చేసుకున్నట్టే ఉండేది. ఆఫీసు మూతపడ్డాక, నలభై దాటిన వయసులో, మనస్తత్వశాస్త్రం ఎం.ఏ.లో చేరింది. ఎందుకని ఎవరైనా అడిగితే "సీటొచ్చింది" అనేది. అంతకు మించిన కారణం ఆమెకూ తోచేది కాదు. క్లాసులో పిల్లలు ఆంటీ అని పిలిచేవారు.

రెండో సెమిస్టరులో పరిశోధన పద్ధతుల పేపరు. చెప్పే మేడం బాగా పొట్టి. ఆవిడ క్లాసయ్యాక బోర్డు పైసగం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఎదుటి మనిషి ప్రవర్తన సంగతి తర్వాత, ముందు మన నోరు మన అదుపులో ఉండాలనేది ఆవిడ.

"జవాబు మీరే అందించకండి. అయ్యో పాపం అనకండి. వాళ్లు ఆగితే మీరూ ఆగండి. నోరు మూసుకుని వినడం కూడా ఒక పద్ధతే."

"అయితే మా ఆయన ఎప్పుడో పీహెచ్‌డీ చేసేశారు మేడం," అంది కొత్తగా పెళ్లైన అమ్మాయి వెనక బెంచీలోంచి. క్లాసంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారు గనుక ఆమె కూడా నవ్వింది.

ఆ వారం ఇచ్చిన పని, తెలిసినవాళ్లలో ఎవరినైనా ఇంటర్వ్యూ చేసి, మాట పొల్లుపోకుండా రాసుకురావడం. జీవితంలో వచ్చిన మార్పు గురించి అడగాలి. ఆమె ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. బావ గోడౌనులో క్రేను నడిపేవాడు. ఒకరోజు దాని గొలుసు తెగి, ఆ ప్రమాదంలో చనిపోయాడు. అప్పట్నుంచి అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. నీళ్లొచ్చాయా, తలుపేశావా అనడమే తప్ప బావ ఊసు ఇద్దరూ ఎత్తేవారు కారు.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద ఫోను పెట్టి, అనుమతి పత్రం చదివి వినిపించింది. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, ఎప్పుడైనా ఆపేయొచ్చు, చెప్పింది వెనక్కి తీసుకోవచ్చు.

"నా దగ్గర ఇవన్నీ ఎందుకే, అడుగు," అంది అక్క, చిక్కుళ్లకు పీచు తీస్తూ.

"ఈ మధ్య నీ రోజు ఎలా గడుస్తోందో చెప్పు."

"లేస్తాను, వండుతాను, పడుకుంటాను."

అక్క ఆగింది. ఆమె కూడా ఆగింది. గోడ అవతల ఎవరో మంచం జరుపుతున్నారు. చిక్కుళ్లు అయిపోయినా అక్క లేవలేదు.

"ఆ రోజు నువ్వే గదా నాకు చెప్పావు," అంది చివరికి. "గుమ్మంలో నిలబడి, బావకి ప్రమాదం జరిగింది, ప్రాణం పోయింది, ఆస్పత్రికి వెళ్లాలి అన్నావు. కాగితం చూసి చదివినట్టు. నీ గొంతు మామూలుగానే ఉండేసరికి, ఇదేదో సర్దుకునేదే కాబోలనుకున్నాను. బట్టలన్నీ మడతేశాకే లేచాను. ఆయన చొక్కాలు కూడా."

ఆమె తన చేతిలోని ప్రశ్నల కాగితం చూసుకుంది. "దాని గురించి ఇంకొంచెం చెప్తావా?" అంది. అదే గొంతు.

"నువ్వు ఏడిస్తే నేనూ ఏడుద్దామని చూశాను. నువ్వు ఏడవలేదు. చిన్నదానివి నువ్వే నిలబడితే, పెద్దదాన్ని నేను కూలబడితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే అలవాటైపోయింది. నీ మీద కోపం లేదే. అడిగావని చెబుతున్నానంతే."

పంటికి మత్తుసూది వేశాక చెంప ఉన్నట్టుంది ఆమెకు లోపల. తనదేనని తెలుస్తోంది, నొక్కితే తెలియడం లేదు.

"ఇంక ఆపు," అంది అక్క. "ఇది మీ కాలేజీలో వినిపించకు."

ఆమె ఫోను తీసి, అక్క చూస్తుండగానే రికార్డింగు చెరిపేసింది.

"పోయిందా?"

"పోయింది."

మర్నాడు మేడం దగ్గరికెళ్లి, "ఆవిడ వెనక్కి తీసుకున్నారు మేడం," అంది. మేడం ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "తీసుకోవచ్చని మనమే చెప్పాం గదా. ఇంకొకరిని చూసుకోండి," అంది. ఆమె వీధి చివరి దర్జీని అడిగింది. దుకాణం మేడమీదికి మారాక మోకాళ్లు అరిగాయనీ, ముసలివాళ్లు రావడం మానేశారనీ అతను తీరిగ్గా చెప్పాడు. రాసుకొచ్చింది చదివి మేడం, "ఎక్కడా తొణకలేదు. ఈ పని మీకు పుట్టుకతో వచ్చినట్టుంది," అని మెచ్చుకుంది. ఆమె థాంక్స్ చెప్పి వచ్చి తన చోట కూర్చుంది.

ఇంట్లో అక్క మాత్రం అప్పుడప్పుడూ బావ మాట ఎత్తసాగింది. స్నానం చేస్తూ శ్రుతి తప్పి పాడేవాడనీ, చెప్పులు ఎప్పుడూ అడ్డంగా విడిచేవాడనీ. ఆమె వినేది. ఏమీ అడిగేది కాదు.

పరీక్షలయ్యాక ఒక ఉదయం ఇద్దరూ బస్టాపులో నిలబడ్డారు. గోడౌనుకు వెళ్లే లారీ ఒకటి ముందు నుంచి పోయింది. అక్క ఉన్నట్టుండి ఏడవడం మొదలుపెట్టింది, నలుగురూ చూస్తున్నా ఆపుకోకుండా. ఆమె అక్క చేతిలోని సంచీ అందుకుని, భుజానికి భుజం ఆనించి నిలబడింది. కాసేపటికి అక్క పమిటతో ముఖం తుడుచుకుని ఆమె వైపు చూసింది.

"నీకు రావడం లేదు గదా?"

"రావడం లేదక్కా."

"పోనీలే. నీకోసం కూడా నేనే ఏడుస్తాలే."

బస్సొచ్చింది. ఒక్క సీటే ఖాళీగా ఉంది. అక్కను కూర్చోబెట్టి, ఆమె కమ్మీ పట్టుకుని పక్కనే నిలబడింది.