నలభై ఒక్క వాయిదాలు

వేయించిన బుడ్డల వాసన, అదే వేరుశనగల వాసన, ఇల్లంతా పట్టింది. మా చెల్లెలి మనవరాలు వంటింటి గట్టు మీద కూర్చొని, ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకొని, పొట్టు ఊదుకుంటూ తింటోంది. "అవ్వా, లా చదవాలా వద్దా? చదివితే ఏ యూనివర్సిటీ ముందర పెట్టాల?" అని అడిగింది. ఆప్షన్లు పెట్టుకునే గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. ఇంకా రెండు రోజులుంది. నాకు ఆ సలహా చెప్పే అర్హత లేదన్నాను. ఎందుకు లేదో చెప్పాలంటే మస్తాన్ చిచ్చా గురించి చెప్పాలి. ఆయన జేబులో ఎప్పుడూ ఈ బుడ్డలే ఉండేవి.

మస్తాన్ సాహెబ్ అనంతపురంలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. చదివింది అయిదో తరగతి. నేను లెక్కలతో బి.ఎస్సీ. ముగించి, ఆ ఆఫీసులో టైపిస్టుగా ఆయన కింద రెండేళ్ళ నాలుగు నెలలు పనిచేశాను. భూమి దావా ఏది వచ్చినా చెక్కుబంది, అంటే పొలానికి నాలుగు దిక్కులా ఉన్న హద్దులు, తన కళ్ళతో చూడనిదే నాతో టైపు చేయించేవారు కాదు. "పట్టాలో ఉన్నది టైపు కొట్టించేది మాని, ఎండలో గట్లెంబడి తిరిగేదేమప్పా?" అని ప్లీడరు విసుక్కునేవాడు. చిచ్చా నవ్వి చెప్పులు తొడుక్కునేవారు.

ఒకసారి గార్లదిన్నె పక్క హనుమక్క పొలానికి నన్నూ తీసుకుపోయారు. మొగుడు పోయిన మనిషి. పొలానికి పడమటి హద్దు వాననీళ్ళు పారే వంక అని పట్టాలో ఉంది. అవతలి చేను మరిదిది. అతను ఆ వంకను దున్ని చదును చేసి, ఈమె పొలంలోకి జరిగాడు. నాలుగేళ్ళుగా సరైన వాన లేదు గనక వంక ఆనవాలే లేదు.

"వంక యాడమ్మా?" అన్నారు చిచ్చా.

"వానొస్తే అదే కనపడతాది సాయిబన్నా. పోయి ఆ వాననే అడుగు, యాడుండావని."

చిచ్చా పగలబడి నవ్వారు. తర్వాత పార తీసుకొని, మూరెడు లోతున ఇసకా గులకరాళ్ళూ బయటపడేదాకా తవ్వారు. "రాసుకో పాపా. దున్నినోడు పైపైన దున్నినాడు. అడుగున వంక వంకలాగే ఉండాది." ఆ ఇసక జాడ వెంబడి నాతో అడుగులు లెక్కపెట్టించారు. నూట పద్దెనిమిది. లా చదవాలన్న కోరిక నాకు పుట్టింది ఆ గుంత దగ్గరే.

ఆ వేసవిలో తొమ్మిది రోజుల తేడాతో రెండు ఉత్తరాలు వచ్చాయి. మద్రాసులో లా సీటు, తిరుపతిలో లెక్కల ఎమ్మెస్సీ సీటు. "ఆడపిల్లకు కోర్టు మెట్లెందుకు? పంతులమ్మవైతే ముప్పొద్దులా కూడుంటాది," అన్నాడు నాయన. ఆ మాట నన్ను ఆపలేదు. చిచ్చా ఏది చెబితే అది చేద్దామనుకున్నాను. రెండు ఉత్తరాలూ చూపిస్తే ఆయన ఏదీ చెప్పలేదు. మర్నాడు, బుధవారం, నన్ను కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఈ పొద్దు టైపు వద్దులే. బంట్రోతు పిలిచేవాళ్ళను లెక్కపెట్టు. ఎందరి మాట విన్నారో, ఎందరికి వాయిదా పడిందో సాయంత్రం చెప్పు."

నలభై మూడు మందిని పిలిచారు. ఇద్దరి మాట విన్నారు. నలభై ఒక్కరికి వాయిదా. అందులో హనుమక్క ఒకతె. తొలి బస్సుకు వచ్చి, సద్దిమూట విప్పకుండా కూర్చుంది. పేరు వినబడగానే "ఉండా సామీ, ఉండా!" అని పరుగెత్తి, అర నిమిషంలో తిరిగొచ్చింది. "మళ్ళా నెలకంట. నువ్వేం మొగం మాడ్చుకోవాకు పాపా," అని నన్నే ఓదార్చింది.

సాయంత్రం లెక్క అప్పజెప్పాను. "అయితే ఏమంటావు?" అన్నారు చిచ్చా.

"తిరుపతికి పోతా చిచ్చా. ఈ లెక్క తేలేది కాదు."

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మంచిది. ఆడ కొండగాలి సల్లగుంటాది. పోయిరా," అన్నారు. లా వద్దని ఆయన చెప్పకనే చెప్పారనీ, నేను ఇట్టే గ్రహించాననీ గర్వపడ్డాను.

ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పాను. ఏటా ఆయనకు ఒక ఉత్తరం రాసేదాన్ని. జవాబులో క్షేమసమాచారాలే ఉండేవి. హనుమక్క సంగతి నేను అడగలేదు, ఆయన రాయలేదు. ఆయన పోయారని తెలిసి, మూడో రోజు చేసే జియారత్ ప్రార్థనకు వెళ్ళాను. ఆయన భార్య ఖాతూన్ బీ టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నిన్ను కోర్టులో కూర్చోబెట్టిన దినం మీ చిచ్చా అన్నం ముట్టలేదు పాపా. ఏమైందని అడిగితే, 'అంతమందిని చూసినాక ఆ పిల్ల వాళ్ళను ఇడిసిపెట్టి పోదనుకుంటి. నా లెక్కే తప్పిపాయె' అన్న్యాడు."

టీ గ్లాసు కింద పెట్టాను. "నాతో ఒక్క మాట అనుంటే..." అన్నాను.

"బతుకు నీది. మనమెట్ల నెట్టేదని ఊరుకున్న్యాడు."

"హనుమక్క?"

"వాయిదాలు నడుస్తాండగానే పాయె. ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ, పిలిచినప్పుడల్లా ఈయన పోయి పక్కన నిలబడేటోడు."

నేను ప్లీడరునయ్యుంటే ఆ దావా గెలిచేదని రాయను. దానికి రుజువు లేదు. ఆ బుధవారం నాటి కాగితం మాత్రం నా దగ్గరుంది. నిలువు గీతలు, అయిదేసి చొప్పున, తప్పు లేకుండా ఉన్నాయి. ఒక్క పేరూ రాసుకోలేదు. బంట్రోతు ప్రతి పేరూ మూడుసార్లు పిలిచాడు, అన్నీ విన్నాను. ఇప్పుడు రోజూ కూర్చొని గుర్తు చేసుకోబోతే, హనుమక్క కాక ఇంకొక్క పేరు తడుతుంది, ఎర్రిస్వామి అని. అది ఆ వరండాలో విన్నదో, వేరే ఎక్కడైనా విన్నదో ఖాయంగా చెప్పలేను.