మహారాణి మీసం

హైస్కూలు లైబ్రేరియనమ్మ కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉంటుంది. కళ్ళజోడు కోసం గదంతా వెతుక్కుంటుంది గానీ, పెన్సిలు మాత్రం ఆమెకు తడుముకోకుండా దొరుకుతుంది. సోషల్ రిఫరెన్సు పుస్తకాలను ఆమె ఇంటికివ్వదు. అక్కడే కూర్చుని చదువుకోవాలి. పిల్లలు చదువుతారో లేదో గానీ, చరిత్రలో ఉన్న రాజులందరికీ మీసాలు మాత్రం పెడతారు. శనివారం మధ్యాహ్నం ఆమె ఆ పుస్తకాలన్నీ బల్లమీద పరుచుకుని, గోరంత మిగిలిన రబ్బరుతో ఆ మీసాలు తుడుస్తుంది. “ఓరి భడవా, ఈయనకు కొమ్ములు కూడానా!” అని తనలో తనే నవ్వుకుని, రబ్బరు పొట్టును ఉఫ్‌మని ఊదేస్తుంది. ఎవరైనా జాలిపడితే, “పేజీ తిప్పారు కదా, అదే పదివేలు,” అంటుంది.

మొన్న శనివారం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, చక్రవర్తి బొమ్మకు పెన్నుతో మీసం దిద్దుతూ ఆమెకు చిక్కింది. పిల్లకు పైప్రాణాలు పైనే పోయాయి. “హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పకండి మేడమ్, మా నాన్నని పిలిపిస్తారు,” అంది ఏడుపు గొంతుతో. ఆమె పై అరలోంచి అన్నిటికన్నా లావుపాటి పుస్తకం దించి, ఒక పేజీ తీసి పిల్ల ముందు పెట్టింది. అందులో ఒక మహారాణి. ముక్కు కింద నీలం సిరాతో మెలితిప్పిన మీసం. రుద్దిరుద్ది దాని చుట్టూ కాగితం ఉల్లిపొరలా అయిపోయింది.

“ఎవరు పెట్టారు మేడమ్?”

“నేనే, ఇదే బళ్ళో, నీ వయసప్పుడు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ రుద్దుతున్నా, పోతేనా!”

ఆమె పిల్ల చేతిలోంచి పెన్ను లాక్కుని, తన కొప్పులోంచి పెన్సిలు తీసి ఇచ్చింది.

“ఇక మీదట దీంతో పెట్టు. శనివారం నేను తుడుచుకుంటాను.”