మైనస్ వైరు

మొండితనం మా అక్కకు ఉగ్గుపాలతోనే అబ్బింది. నలభై దాటాక కారు నేర్చుకుంటానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. పంతం పట్టి నేర్చుకుంది. ఆ అక్కే, వానలో కారు జారి గోడకు కొట్టుకుని పక్క సీట్లోని బావ మోకాలు నుజ్జయిన రోజు నుంచి, కారును షెడ్డు దాటనివ్వలేదు. తన ఒంటి మీద గీత కూడా పడలేదు. అదే ఆమెను లోలోపల తినేసింది.

బావ గడియారాలు బాగుచేస్తాడు. మార్కెట్లో మెట్ల కింద ఆయన అద్దె కొట్టు, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి బయట నిలబడాల్సిందే. మోకాలు అతుక్కుంది గానీ వంగదు. బస్సు మెట్టు ఎక్కలేడు, ఆటోలో కాలు పట్టదు, దాంతో కొట్టు మూతపడింది. కారు ముందు సీటు వెనక్కి జరిపితే మాత్రం హాయిగా చాపుకోవచ్చు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, నేనూ పక్క వాటాలోనే ఉంటాను కదా. ఎవరూ నోరెత్తలేదు. బావ కిటికీ దగ్గర కూర్చుని, బాగా నడుస్తున్న గోడ గడియారాన్నే విప్పి మళ్ళీ బిగించేవాడు.

ఆదివారం ఉదయం అక్క షెడ్డు తలుపులు బార్లా తీసి కారు స్టార్ట్ చేసేది. బ్యాటరీ చచ్చిపోకూడదట. హెడ్‌లైట్లు వేసి, ఫ్యాన్ తిప్పి, రేడియో పెట్టి, అన్నీ పనిచేస్తున్నాయని తృప్తిపడి, ఓ పాట పూర్తికాకముందే ఆపేసేది. ముస్తాబై గుమ్మంలోనే కూర్చున్నట్టుందని నేను దెప్పితే, వినపడనట్టు అద్దాలు తుడిచేది.

ఓ ఆదివారం తాళం తిప్పితే కారు టక్ టక్ మని ఊరుకుంది. మెకానిక్ వచ్చి అసలు సంగతి చెప్పాడు. స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా బోలెడంత ఖర్చవుతుందట. నిలబెట్టిన చోటే, లైట్లూ రేడియో వేసుకుని కాసేపు ఇంజను తిప్పితే అదంతా తిరిగి నిండదట. కాపాడుతున్నాననుకుంటూ వారం వారం ఖాళీ చేసింది అక్కే. ఛార్జి ఎక్కించి తెచ్చి బిగించాక, అప్పుడప్పుడూ అరగంటైనా రోడ్డు మీద తిప్పమన్నాడు. లేదంటే ఛార్జి దిగిపోకుండా బ్యాటరీ మైనస్ వైరు విప్పి ఉంచమన్నాడు.

అక్క రెండోదే పట్టుకుంది. స్పానర్‌తో వైరు విప్పి, కొనకు గుడ్డ చుట్టి, చేతులు దులుపుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కారు బయటికి తియ్యవే అని మొహాన చెప్పలేక నేను చస్తుంటే, మెకానిక్ పిలిచి మరీ ఓ సాకు అందించి పోయాడు.

కొన్ని వారాలయ్యాక కొట్టు యజమాని కబురు పెట్టాడు. ఈ నెలాఖరులోగా తెరవకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాడట. మర్నాడు ఉదయం నేను చూస్తుండగా అక్క బ్యాటరీ ఎలా ఉందో చూద్దామని వైరు తగిలిస్తుంటే, బావ చేతికర్ర పట్టుకుని షెడ్డుకు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. డాష్‌బోర్డులో గడియారం పన్నెండు చూపిస్తోంది. వైరు విప్పి తగిలించినప్పుడల్లా అది పన్నెండుకు పోతుంది.

"టైము సరిచెయ్యండి," అంది అక్క, ఏదో ఒకటి అనాలని.

"ఎందుకూ? మళ్ళీ విప్పేస్తావుగా," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. "బ్యాటరీని బాగానే కాపాడావు. నన్నూ అలాగే కాపాడుతున్నావు. వైరు విప్పి, గుడ్డ చుట్టి."

అక్క వైరు నట్టును ఇంకో చుట్టు బిగించింది.

"మళ్ళీ అలా జరిగితే?" అంది. ఇన్ని నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఇంకో కాలుందిలే," అన్నాడు బావ.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. అక్క నవ్వలేదు. బానెట్ మూసి, స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ ఇంట్లో దాచవే. నేనడిగినా ఇవ్వకు."

కారు నత్తనడకన వీధిలోకి వచ్చింది. వెనక హారన్ల మోత, వెనక సీట్లో స్పానర్ ఒళ్లో పెట్టుకుని నేను. ఆ గోడ దగ్గర అక్క బ్రేకు మీద కాలేసి ఇంకా నెమ్మదిగా పోనిచ్చింది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, తలుపు పిడి మాత్రం పట్టుకోలేదు.

కొట్టు ముందు కారు ఆగింది. బావ వెంటనే దిగలేదు. చేతి గడియారం చూసుకుని, డాష్‌బోర్డులో ముందు గంట, తర్వాత నిమిషాలు సరిచేశాడు.

"ఆరింటికి కొట్టు కట్టేస్తాను," అన్నాడు అక్కతో. "ఆలస్యం చెయ్యకు."