విమానం కిటికీలోంచి సావుకారు మిల్లు

ఆ ఉదయం ఆదోని బయట, ఎమ్మిగనూరు రోడ్డు పక్కన ఉన్న గట్టినేల మీద ఉన్నవారు, ఉన్నవి: మద్రాసు నుంచి అద్దెకు వచ్చిన మూడు సీట్ల విమానం, దాని పైలట్, సావుకారు గుమాస్తా, నేను, నా మడత కెమెరా, అందులో ఎనిమిది ఫొటోలు పట్టే ఫిల్ము, ఇత్తడి పళ్లెంలో కొబ్బరికాయ, కర్పూరం, కుంకుమ, నిమ్మకాయలు, విమానాన్ని ఒకసారి ముట్టుకుని పోదామని వచ్చిన జనం, ఎవరూ తోలుకురాకుండానే వచ్చిన రెండు ఎనుములు.

సావుకారు మాత్రం లేడు. ఆయన తన పత్తి మిల్లులో ఉన్నాడు. ఫొటో తీయవలసింది ఆ మిల్లునే.

ముందటి ఏడు ఊళ్లో ఇంకో మిల్లు వాళ్లు కొండెక్కి తమ మిల్లును ఫొటో తీయించి కేలండరు వేశారు. అది ప్రతి అంగడిలోనూ వేలాడింది. మా సావుకారుకు నిద్ర పట్టలేదు. కొండకంటే ఎత్తునుంచి తీయించాలన్నాడు. ఇంజనీరింగు డిప్లొమా పుచ్చుకుని పని దొరక్క ఇంట్లో కూర్చున్న నన్ను పిలిపించాడు. నా దగ్గర కెమెరా ఉందని ఆయనకు తెలుసు.

"ఫొటో బాగా వచ్చిందనుకో, మిల్లు ఇంజను నీ చేతికిస్తా. రాలేదనుకో, ఇంగ ఈ గేటు తట్టొద్దు" అన్నాడు.

కాబట్టి నేను చాలా జాగ్రత్తగా ఏర్పాట్లు చేసుకున్నాను. అద్దంలోంచి తీస్తే మన ముఖమే పడుతుంది, కనుక కిటికీ తెరిచి ఉండాలి. కెమెరాను కిటికీ బయట పెట్టకూడదు. గాలికి దాని మడతల తోలుతిత్తి రెపరెపలాడుతుంది. మోచేయి విమానానికి ఆనించకూడదు. ఇంజను అదురు చేతిలోకి వస్తుంది. నేను తీసేటప్పుడు పైలట్ ఇంజను జోరు తగ్గించాలి. కెమెరా తెరిచి, దూరం, వెలుతురు, వేగం మూడూ సరిచేసి సీటు మీద పెట్టి, ఇవన్నీ పైలట్‌కు వివరించడానికి పోయాను.

ఈలోగా గుమాస్తా పూజ మొదలుపెట్టాడు. మిల్లులో కొత్త యంత్రం ఏది దించినా పూజ ఆయనదే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కనిపించిన ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టాడు. పైలట్ నుదుటికీ ఒకటి పెట్టాడు. తర్వాత కొబ్బరికాయ పైకెత్తి విమానం ముక్కున గిరగిర తిరిగే రెక్కకు గురిపెట్టాడు.

పైలట్ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. ఆయన తెలుగు మద్రాసు తెలుగు. "అది కట్టె సార్! కొట్టాలంటే నా తలమీద కొట్టండి, దానిమీద వద్దు!"

కొబ్బరికాయ చివరికి ఒక రాయి మీద పగిలింది.

పైలట్ పక్కన నేను, నా వెనక గుమాస్తా. నేను కిటికీ వైపు ఒరిగినప్పుడల్లా నా బెల్టు గట్టిగా పట్టుకోవడం ఆయన పని. ఏది మన మిల్లో చూపించడం రెండో పని. పైకి లేచాక ఆదోని చాలా చిన్నదైపోయింది. రైలుపట్టా, కొండల బండలు, పొగగొట్టాలు కనిపించాయి. పొగగొట్టాలు ఒకటి కాదు, నాలుగైదు.

"మన మిల్లు యాదన్నా?" అని అరిచాను. అరవకపోతే ఏదీ వినిపించదు.

"గేటు సూపీప్పా, సెప్తా!"

"పైనుంచి గేటు కనపడదన్నా!"

"నేను దినామూ గేట్లోంచే కదా పోయేది! మిద్దె మీదనుంచి పోతానా?"

కాసేపు వెతికి ఒక పొగగొట్టాన్ని చూపించి "అదే, అదే!" అన్నాడు. మూడు ఫొటోలు తీశాను. మూడోది తీసిన తర్వాత, "ఇది మనది కాదప్పా. మన దాంట్లో ఏపసెట్టు ఉండాది" అన్నాడు.

తర్వాత ఆయనకే ఒక ఉపాయం తట్టింది. రోడ్డు మీద పత్తి బండ్లు వరుసగా పోతున్నాయి. అవి మన మిల్లుకే పోతాయి కనుక వాటి వెంబడే పోదామన్నాడు. ఆలోచన బాగానే ఉంది. కానీ అంత ఎత్తునుంచి ఎద్దులు బండికి ఏ పక్కన ఉన్నాయో తెలియదు. బండ్ల వెంబడి పోయి పోయి ఎమ్మిగనూరు చేరాం.

సాలెవాళ్ల వీధుల్లో ఇంటి ముందరి నుంచి ఇంటి ముందరికి రంగు నూలు చాచి ఉంది. ఎర్రది, నీలిది, పసుపుది. నా ఫిల్ముకు రంగు తెలియదని తెలిసీ ఒకటి తీశాను. శబ్దం విని జనం మిద్దెలెక్కారు. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మిల్లును పోల్చుకోలేని గుమాస్తా ఒక్కసారిగా, "మా బామ్మర్ది ఇల్లు! అదిగో, వాడే!" అని కేకవేసి రెండు చేతులూ ఊపాడు.

నా బెల్టు పట్టుకున్న చేతులు కూడా ఆ రెండే. నేను నడుము దాకా కిటికీ బయటికి జారాను. పైలట్ నా చొక్కా పట్టి లాగాడు.

"వదిలేసినావేందన్నా!"

"వాని ఇంటిమీదనుంచి పోతా చెయ్యి గూడా ఊపలేదంటే, ఆ మాట నేను వచ్చే ఏడు దాకా పడాలప్పా!" అన్నాడు. నా ముఖం చూసి ఓదార్చబోయాడు. "నీకేం కాదులే. కెమెరాకు గూడా బొట్టు పెట్టినాను."

"యాడ పెట్టినావు?"

"కంట్లో. దానికుండేది ఒకటే కన్ను కదా."

కెమెరా తిప్పి చూశాను. లెన్సు నట్టనడుమ, రూపాయి అంచంత గుండ్రంగా కాకపోయినా, చక్కని కుంకుమ బొట్టు. నేను గురి చూసుకునే చిన్న అద్దం వేరు, ఫిల్ము చూసే కన్ను వేరు. అందుకే నాకు తెలియలేదు. లెన్సు మీది బొట్టు ఫొటోలో బొట్టుగా పడదు, ఫొటో అంతటా మసకగా పడుతుంది. అంటే నాలుగూ పోయాయి.

చేతిగుడ్డ తీశాను. గుమాస్తా నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆకాశంలో ఉండి బొట్టు తుడుస్తారాప్పా ఎవరన్నా! దిగినాక తుడుసుకో!"

"దిగినాక ఫొటో యాడ తీసేదన్నా?"

మణికట్టు విడిపించుకున్నాను. నేను తుడిచాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మాటలన్నీ అర్థం కాని పైలట్ తన నుదుటి బొట్టును మాత్రం చేత్తో కప్పుకున్నాడు.

తిరిగి ఆదోని చేరేసరికి పెట్రోలు ఒక్క చుట్టుకే ఉందని పైలట్ చెప్పాడు. ఈసారి మిల్లు దొరికింది. ఒక ఆవరణలో పని మానేసి జనమంతా నిలబడి ఉన్నారు.

"అదిగో సావుకారు!"

"ఇంత పైనుంచి ఎట్ల తెలిసె?"

"అందరూ నిలబడుండారు. ఒకడే కూర్సున్యాడు."

ఇంజను జోరు తగ్గింది. నాలుగు తీశాను. ఒకదానిలో విమానం రెక్క కింది కమ్మీ పడింది. ఇంకొకదానిలో మిల్లును చూపిస్తున్న గుమాస్తా వేలు పడింది. మూడోదానిలో ఆకాశం తప్ప ఏమీ లేదు. చివరిది మిల్లు, వేపచెట్టుతో సహా.

మద్రాసులో కడిగించి, పెద్దది చేయించి, సావుకారు ముందు పెట్టాను. ఆయన ఆ రోజు పట్టుకోటు వేసుకుని, కుర్చీ నడి ఆవరణలో వేయించుకుని, పొద్దుననుంచీ తల ఎత్తుకునే కూర్చున్నాడట. మెడ ఇంకా సరిగా తిరగడం లేదు.

"నేను యాడుండా?"

"ఇదే మీరు."

"ఈ సుక్కనా?"

"అవును."

"పక్కన?"

"కావలివాడు."

ఆయన ఫొటోను కంటి దగ్గరికి తీసుకున్నాడు, దూరం పెట్టాడు. "ఇద్దరమూ ఒకే మాదిరి ఉండామే. కోటు యాడబోయె?"

నేను గేటు వైపు చూసుకున్నాను. మిల్లు ఇంజను శబ్దం అక్కడిదాకా వినిపిస్తోంది. అప్పుడు గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"సావుకారా, కొండమీదనుంచి తీసినారే, ఆ కేలండర్లో వాళ్ల సావుకారు పడినాడా?"

"పడల్యా."

"మీరు పడినారు."

సావుకారు మళ్లీ చుక్కను చూశాడు.

"పడినా" అన్నాడు. తర్వాత నాతో, "సోమవారం వచ్చి ఇంజను సూసుకో. మళ్లా తీసేటప్పుడు మటుకు కొంచెం కిందికి దిగు."

కేలండరు అచ్చయి వచ్చాక స్కేలు పెట్టి కొలిచాను. అందులో సావుకారు, కుర్చీతో కలిపి, అంగుళంలో ముప్పై రెండో వంతు.