కప్పు లేని చోట కప్పు మాట్లాడింది

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, ముందు రీడింగ్ చూపించమనేవాణ్ణి. నేను జియాలజిస్టును. గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు గనుల్లో కప్పు నిలుస్తుందా, మట్టి గోడ జారుతుందా అని కొలిచి చెప్పడం ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం. కొలతకు దొరకనిది లేదనే నమ్మాను. ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు, నా తప్పుతో సహా చెప్పడానికి.

తప్పు ముందు చెప్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో భూమి లోపలి గనిలో పనిచేశాను. అక్కడ కప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే కార్మికుడు కొమురయ్య. కమాన్‌పూర్ వైపు మనిషి. పొడవాటి ఇనుప కడ్డీతో కప్పును తట్టి, చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందో విడిపోయిందో చెప్పేవాడు. తట్టడం అందరూ చేసే పనే. ఆయన తీరు వేరు. వరుసగా మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. చీకట్లో ఆ చప్పుడు వింటే ఎవరని అడగనక్కర్లేదు.

రాయి విరిగే ముందు లోపల సన్నగా చిటపటమంటుంది. దాన్ని మా గనుల్లో ‘కప్పు మాట్లాడుతోంది’ అంటారు.

ఒకరోజు కొమురయ్య పని ఆపేసి పదకొండు మందిని బయటికి తీసుకొచ్చాడు. “కప్పు మాట్లాడ్తంది సారు. మీ మిషినికి ఇంకా ఇనవడలేదేమో” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నా పరికరంలో ముల్లు కదల్లేదు. నాకు రోషం వచ్చింది. ‘కారణం లేకుండా షిఫ్టు ఆపాడు’ అని రిపోర్టు రాశాను. ఆయన్ను దిమ్మెల పని నుంచి తప్పించి, లోపలికి వెళ్లేవాళ్లకు దీపాలిచ్చే గదిలో వేశారు.

నాలుగో రోజు, వారపు సెలవునాడు, ఆ కప్పు మొత్తం కూలింది. లోపల ఎవరూ లేరు. అప్పుడైనా నా రిపోర్టు మార్చి ఉండవచ్చు. మార్చలేదు. నాలుగు రోజుల తర్వాత కూలితే ఆ రోజు కారణం ఉన్నట్టు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రిటైరయ్యేదాకా ఆయన నా చేతికి దీపం అందిస్తూ “ఏమంటంది సారు మిషిని?” అని నవ్వేవాడు. మూడేళ్ల కింద పోయాడు. చూడటానికి వెళ్లలేదు. మొహం చెల్లలేదు.

ఇప్పుడు నేను ఓపెన్‌కాస్టులో ఉన్నాను. పైనుంచి మట్టిని మెట్లు మెట్లుగా తవ్వి బొగ్గు తీస్తారు. ఆ మెట్లను బెంచీలంటాం. తల మీద ఆకాశమే, కప్పు ఉండదు. ఇక్కడి భయమంతా నీళ్లతో. మా చిన్నప్పుడు ముసురు పట్టి వారం పాటు కురిసే వాన ఇప్పుడు ఒక్క పూటలో కుమ్మరిస్తోంది, అదీ ఎండాకాలంలో. వెనకటి వానలను చూసి వేసిన లెక్కలు, తవ్విన కాలువలు చాలడం లేదు. అందుకే గోడను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే రాడార్ పెట్టాం. గోడ వెంట్రుకవాసి కదిలినా చెప్తుంది.

పోయిన ఏప్రిల్‌లో అలాంటి వానే కురిసిన మర్నాడు, పొద్దున పది గంటలకు కింది బెంచి మీద ఉన్నాను. ఎండ కాస్తోంది. తొమ్మిది మంది పనిలో ఉన్నారు. రాడార్ అంతా బాగుందని చెప్తోంది. మట్టి తవ్వి ఎత్తే షావెల్ యంత్రానికి దూరంగా, గోడ పక్కన పగుళ్లు వెతుకుతున్నాను.

అప్పుడు వినిపించింది. కాళ్ల కింద నుంచి. రాయి మీద ఇనుప కడ్డీ. మూడు దెబ్బలు. ఆగి, ఇంకొకటి.

నా చేతిలో వాకీటాకీ ఉంది. పని ఆపించాలంటే కారణం చెప్పాలి. నా దగ్గర ఉన్నది ఒక చప్పుడు, అదీ చనిపోయిన మనిషిది. నా గురించి ఏ వాక్యం రాస్తారో నాకు బాగా తెలుసు. ఒకప్పుడు రాసింది నేనే.

షావెల్ దగ్గరికి పరిగెత్తి ఆపరేటర్ సదయ్యను దిగమన్నాను.

“రాడార్ మంచిగనే ఉందంటున్నరు గద సార్?”

“కప్పు మాట్లాడ్తంది సదయ్యా. దిగు.”

ఓపెన్‌కాస్టులో కప్పెక్కడిదని సదయ్య అడగలేదు. వాళ్ల నాన్న గని లోపల పనిచేసినవాడు. ఇంజన్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో కింద ఇంకొక్క దెబ్బ పడింది. సదయ్య నా మొహంలోకి చూశాడు. తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, లెక్కపెట్టి ముందు పైకి పంపాడు. తను చివర ఎక్కాడు. ఒక్కరు ఎదురు ప్రశ్న వేయలేదు. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది.

పైన షిఫ్టు ఇన్‌చార్జి మండిపడ్డాడు. “కారణం లేకుండా ఆపినట్టే గద సార్ ఇది?” అన్నాడు. అచ్చం నా మాటలే. 

పాతిక నిమిషాల తర్వాత బెంచి కుంగింది. దాని మీదికి గోడ జారింది. షావెల్ సగం మట్టిలో మునిగింది. మనుషులెవరికీ గీత కూడా పడలేదు.

రిజిస్టరులో పని ఆపిన కారణం దగ్గర ‘కప్పు మాట్లాడింది’ అని రాసి సంతకం పెట్టాను. చాలామంది నవ్వారు. ఈసారి నాకు రోషం రాలేదు.

తర్వాత చేయాల్సిన పరీక్షలన్నీ చేశాను. ఆ బెంచి అడుగున పాత గని దారులున్నాయి. వాటిలో మిగిలిపోయిన కర్రలు విరిగి ఉంటాయనుకున్నాను. తవ్వి చూస్తే దారుల నిండా తడి ఇసుక, ఎప్పుడో కూరి మూసేశారు. ఒక్క దిమ్మె లేదు, చప్పుడు పుట్టడానికి జానెడు ఖాళీ లేదు. ఆ గంటలో పంపు గానీ డ్రిల్లు గానీ నడవలేదని లాగ్‌బుక్కులు చూసి నిర్ధారించుకున్నాను. నీటికి నానిన మట్టి పొర కింద నుంచి జారింది. గోడనే చూసే రాడార్‌కు అది అందలేదు. బెంచి ఎందుకు కూలిందో నేను చెప్పగలను. చప్పుడు సంగతే చెప్పలేను.

ఆ ఏడాది బెంచీల వాలు తగ్గించాం, కాలువలు వెడల్పు చేశాం. ఇంకొకటి కూడా సాధించాను. మా దగ్గర ఇప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా పని ఆపొచ్చు. సంజాయిషీ అడగరు. నా నోట కొమురయ్య సంగతి విన్న ఆపరేటర్లు, బాబాయిని పిలిచినట్టు, దాన్ని ‘కొమురయ్య కాక రూలు’ అంటారు. నా పేరున ఉన్న ఏ రిపోర్టు కన్నా నాకు అదే గొప్ప.

పాత రిపోర్టు తప్పని రాసిచ్చి, ఆ కాగితం నకలుతో కొమురయ్య ఇంటికి వెళ్లాను. ఆయన భార్యకు చదివి వినిపించి, క్షమించమన్నాను.

“గింత ఆల్శమా బిడ్డా? గాయిన ఉన్నప్పుడు రావద్దా?” అంది. తల వంచుకుని, బెంచి మీద విన్న చప్పుడు సంగతి కూడా చెప్పాను. ఎన్ని దెబ్బలు విన్నావని అడిగింది. మూడు, ఆగి ఒకటి అన్నాను.

ఆమె లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. చెక్క మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, ఆగి, ఇంకోసారి కొట్టింది.

“డ్యూటీ దిగి ఇంటికొస్తే గిట్లనే కొట్టేటోడు. నేను ఫికర్ చెయ్యొద్దని” అంది. “మంచిగ ఇల్లు చేరిన అని.”