నడిమి గోడ మీద తూర్పు వాకిలి

దయ్యాలని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎప్పుడూ నమ్మలేదు. గోడల మీద బొమ్మలు వేసి బతికేవాణ్ణి, రంగు డబ్బాలో ఏముంటుందో నాకు తెలుసు.

లేపాక్షి పైకప్పు చూస్తే కట్టినవాళ్లూ రంగులు వేసినవాళ్లూ కూడబలుక్కుని పనిచేసినట్టుంటుంది. ఇప్పుడు కట్టడంలో తప్పులు కప్పిపెట్టడానికే నన్ను పిలుస్తారు.

రాయదుర్గంలో తిప్పేస్వామి పిలిచిందీ అందుకే. అన్నదమ్ములు తగవుపడి ఇంటి నడిమధ్యన గోడ లేపారు. తూర్పు వాకిలి తమ్ముడు ఎర్రిస్వామి వాటాకు పోయింది. తూర్పున వాకిలి లేకపోతే అరిష్టమని వాస్తు చెప్పేవాడు తిప్పేస్వామిని భయపెట్టాడు. అందుకని ఆ నడిమి గోడ మీదే వాకిలి బొమ్మ వేయమన్నాడు. అదీ ఒక రెక్క తెరిచినట్టు.

వేశాను. బాగా కుదిరింది. మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. తడి రంగు మీద దుమ్ము పడకుండా కిటికీలు మూసి, వీధి తలుపుకు లోపల బోల్టు వేసుకున్నాను. కుంచెలు కడిగి లేచేసరికి వెనక ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది. పొద్దున పక్క వాటా అరుగు మీద చూశాను, ఎర్రిస్వామి కూతురు.

గోడవతల తల్లి పాపను పిలుస్తూ ఏడుస్తోంది. నేను పాపను ఎత్తుకుని వీధి తలుపు తీశాను. పాపను వెతుకుతూ వీధిలో ఉన్న ఎర్రిస్వామి నా చొక్కా పట్టుకున్నాడు.

"నా బిడ్డను ఎట్ల ఎత్తుకొచ్చినావురా?"

పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని ఎవరో అన్నారు. వీపు మీద దెబ్బలు పడ్డాయి. పరుగున వచ్చిన తిప్పేస్వామి నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. పాప తల్లి నోరు విప్పకపోతే ఆ రోజు నన్ను చంపేసేవాళ్లు.

"మా తలుపు ముందర నేనే కూచోనుంటి. బిడ్డ బయటికే రాల్యా" అందామె.

పాపను యాడ నుంచి వచ్చినావని అడిగితే గోడ మీద బొమ్మను చూపించింది. అన్నదమ్ములిద్దరూ ఆ గోడను తడిమి చూశారు. చేతులకు రంగు అంటింది, అంతే.

"మూసేయప్పా" అన్నారు ఇద్దరూ.

తెరిచిన రెక్కను మూసినట్టు దిద్దాను. తండ్రి చంకలోంచి పాప అడిగింది.

"నాయనా, జేజి ఆడే ఉండాది. ఎట్ల వస్తాది?"

జేజి అంటే ఆ అన్నదమ్ముల తల్లి. పాప పుట్టకముందే చనిపోయింది.

ఆ పాప ఇవతలికి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. కానీ ఆ మాట అన్నదమ్ములిద్దరూ విన్నారు. మళ్లీ తెరవమని ఒక్కడూ అనలేదు.

"గడియ గూడా గియ్యి" అన్నాడు తిప్పేస్వామి. ఎర్రిస్వామి తలూపాడు.